ఒంటిచేత్తో బిగించే కనెక్టరు

ఆ కాలంలో ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన ప్రతివాడూ లోకంలో అంతవరకు తయారైన వస్తువులన్నీ తప్పుగానే తయారయ్యాయనీ, వాటిని సరిచేయడానికే తనను కన్నారనీ నమ్మేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా పుదుచ్చేరిలో అలాంటివాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ముదలియార్‌పేటలో మా వీధికి మాత్రం నేనొక్కడినే, కాబట్టి ముగ్గురి పొగరూ నేనే మోసేవాణ్ణి. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక చిన్న స్టీలు స్కేలు. (స్కేలుతో కొలిచే పని ఆఫీసులో లేదు, అంతా కంప్యూటర్లోనే. అది బస్సులో పక్కవాడు చూడటానికి.) టీకొట్టులో గ్లాసు పట్టుకున్నా దాని అంచుకు వంక పెట్టేవాణ్ణి. ఒకసారి అమ్మ వాడే కుక్కరు మూత తిప్పి చూసి పెదవి విరిచాను. "ఏంది నాయనా, పప్పు ఉడకలేదా?" అంది అమ్మ. ఉడికింది. ఉడకడం వేరు, డిజైను వేరు అని అమ్మకు పాఠం చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

అలాంటివాణ్ణి నమ్మి ఉద్యోగమిచ్చింది ఊరి చివర ఉన్న ఒక చిన్న కంపెనీ. బస్సులకు, వాన్లకు కరెంటు కనెక్టర్లు తయారుచేసేది. కనెక్టరంటే పెద్ద విషయమేమీ కాదు. వాను ఒకచోట ఆగినప్పుడు బయటినుంచి కరెంటు తీసుకోవాలంటే దాని రేకు గోడకు రంధ్రం చేసి, అందులో మూత ఉన్న పిడికిలంత డబ్బా ఒకటి బిగిస్తారు. బయట దానికి ప్లగ్గు గుచ్చితే లోపలి వైర్లకు కరెంటు అందుతుంది. అప్పట్లో ఆ డబ్బాకు ఒంటినిండా మరలు ఉండేవి. బయట ఒకడు మర తిప్పుతుంటే, లోపల ఇంకొకడు కూర్చుని నట్టు కదలకుండా పానాతో పట్టుకోవాలి. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనిపించరు. షెడ్డు మోతలో మాట వినిపించదు. అందుకని రేకు మీద తట్టుకునేవారు. ఒక దెబ్బంటే పట్టుకో, రెండంటే వదిలెయ్, మూడంటే టీ వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అలాగే నడుస్తోంది, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది లేకపోవడమే నాకు పెద్ద లోపంగా కనిపించింది. రాతియుగం మనుషులు అనుకుని జాలిపడేవాణ్ణి.

మా డైరెక్టరుగారిని మేం చాటుగా సింపుల్ సారు అనేవాళ్ళం. ఏ పని చెప్పినా చివర "సింపుల్" అనేవారు. ఎవరికి సింపులో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వాన్లకు బాడీ కట్టే ఒక షెడ్డు ముదలాళికి (మా ఊళ్ళో యజమానిని తమిళంలోలాగే ముదలాళి అంటాం) ఆయన ఒక మాట ఇచ్చేశారు. ఇకమీద లోపల మనిషి అక్కర్లేదు, బయటినుంచి ఒక్కడే, ఒక్క చేత్తో బిగించే కనెక్టరు చేసి ఇస్తామని. మాట ఇచ్చింది ఆయన, చేయాల్సింది నేను. "ఇది అయిపోతే నీ ఉద్యోగం పర్మినెంటు. సింపుల్" అని పాత కనెక్టరు ఒకటి నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు.

రెండు నెలలు తపస్సు చేశాను. మరలు తీసేశాను, నట్టు తీసేశాను. డబ్బా చుట్టూ నాలుగు ప్లాస్టిక్ గోళ్ళు పెట్టాను. రంధ్రంలోకి నెడితే గోళ్ళు ముడుచుకుని దూరతాయి, అవతలికి వెళ్ళగానే విచ్చుకుని రేకును పట్టేస్తాయి. టక్ మని ఒక చప్పుడు, అంతే. దేన్ని ఎటు తిప్పి పెట్టాలా అని పనివాడు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకుండా రంధ్రం కూడా గుండ్రంగా పెట్టాను. "ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది" అని ఆఫీసులో కనబడ్డవాడికల్లా చెప్పాను. పనివాళ్ళకు బుర్ర ఉండదని నా లెక్క.

ఆ గొప్పలు ఇంట్లో కూడా చెప్పుకోవాలిగా. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రెండిళ్ళ అవతలే ఉండేవాడు. సాయంత్రం పని దిగి మా ఇంటికొచ్చి టీ తాగి పోయేవాడు. ఎండిన మునక్కాయలాంటి మనిషి, మాట తక్కువ. ఆ షెడ్డులోనే ఫిట్టరు. ఆయన ముందే కనెక్టరు తీసి, ఒక రేకు ముక్కలో టక్ మనిపించి చూపించాను. మామ దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు. "సెరి, బాగుండాది అల్లుడా" అని ఇచ్చేసి, టీ సగంలో వదిలి లేచిపోయాడు. మెచ్చుకోవడం కూడా చేతకాదు ఈ మనిషికి అనుకున్నాను. అమ్మ గ్లాసు తీస్తూ నా వంక అదోలా చూసింది.

"ఆ షెడ్డులో లోపల కూసోని నట్టు పట్టుకునేది ఎవురనుకున్నావు? మీ మామేరా."

"మామ ఫిట్టరు కదమ్మా."

"ఫిట్టరు బయట నిలబడేటోడు. మీ మామ లోపల కూసునేటోడు. సన్నంగా ఉండాడని ఆ వేలై, లోపలి పని, ఇచ్చినారు. ఇరవై రెండేండ్లుగా అదొకటే వచ్చు వాడికి. నీ సామాను వస్తే వాణ్ణి ఇంటికి పొమ్మంటారు. ఇద్దరు పిల్లోళ్ళు బడికి పోతా ఉండారు, తెలుసా నీకు?"

తెలుసు. ఆ పిల్లలు నన్ను బావా అని పిలుస్తారు. అయినా నేనేమన్నానో వినండి. "నట్టు పట్టుకోవడం కూడా ఒక పనేనామ్మా? ఇంకేదైనా నేర్చుకోమను" అన్నాను. ఆ పూట అమ్మ నాకు అన్నం పెట్టి తను వంటింట్లోనే కూర్చుంది.

పరీక్ష పెట్టిన రోజు షెడ్డులో పెళ్ళి సందడి. ఊళ్ళు తిరిగి కంటి పరీక్షలు చేసే వాను ఒకటి అక్కడ తయారవుతోంది, దానికే నా కనెక్టరు బిగించాలి. సింపుల్ సారు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. ముదలాళి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. అందులో లోపల కూర్చునేవాళ్ళు నలుగురు, ఆ నలుగురిలో మామ ఒకడు, చేతిలో పానా పట్టుకుని. "ఇది పట్టుకుంటే వచ్చే నెల నుంచి లోపలివాళ్ళతో నాకు పని లేదు" అని ముదలాళి తమిళంలో అందరికీ వినబడేలా అన్నాడు. మామ ఆ పానాను గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. అది అప్పటికే మెరుస్తోంది. నేను చూశాను, చూసి తల తిప్పుకున్నాను.

ఎడమ చేయి జేబులో పెట్టుకున్నాను, ఒక్క చేయి చాలని లోకానికి తెలియాలిగా. కుడిచేత్తో కనెక్టరు రంధ్రంలో పెట్టి నెట్టాను. టక్. అందరూ చప్పట్లు కొట్టారు. సింపుల్ సారు నా భుజం తట్టారు. నేను ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, నా సృష్టిని చూసుకుందామని తలెత్తాను. దాని మూత కిందికి వేలాడుతోంది, ఎండలో నాలుక చాపిన కుక్కలా. మూతను డబ్బాకు పట్టి ఉంచే మడతబందు పైన ఉండాలి. అప్పుడే మూత దానంతటదే పడి వాననీళ్ళు లోపలికి పోకుండా కాస్తుంది. బందు కిందికి వచ్చింది. చప్పట్లు కొట్టించుకునే తొందరలో తలకిందులుగా పెట్టేశాను. ఎటు తిప్పి పెట్టినా దూరుతుందని చెప్పుకున్నాను కదా, దూరింది.

"ఏం తంబీ, వాన నీళ్ళు పట్టి దాచుకునేదానికా ఇది?" అన్నాడు ముదలాళి.

"తీసి, తిప్పి పెట్టేస్తాడు. సింపుల్" అన్నారు మా సారు.

తీయడం. రెండు నెలల్లో బిగించడం గురించి అరవై రకాలుగా ఆలోచించానుగానీ, తీయడమనే మాట ఒకటి తెలుగులో ఉందని నాకు తట్టలేదు. లాగాను, రాలేదు. తిప్పాను, గిర్రున తిరిగిందిగానీ రాలేదు. స్క్రూడ్రైవరు దూర్చితే జారి కొత్త రంగు మీద జానెడు గీత పడింది. ముదలాళి కుర్చీలోంచి లేచాడు. చివరికి పెద్ద ఫిట్టరే చెప్పాడు, ఎవరైనా లోపలికి పోయి ఆ గోళ్ళు నొక్కాలని. రంధ్రానికి అవతల ఉన్నది బ్యాటరీలు పెట్టే చెక్క అర. మామూలు మనిషి అందులో మోకాలు కూడా పెట్టలేడు. అందరూ మామ వంక చూశారు.

మామ పానా కింద పెట్టాడు. చొక్కా విప్పి, మడిచి, నా చేతికిచ్చి, ఒంటిని మూడు మడతలు పెట్టి ఆ అరలోకి దూరి తలుపు దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి రేకు మీద ఒక దెబ్బ వినిపించింది. పట్టుకో. నేను పట్టుకుని లాగాను. రాలేదు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ లాగాను. వాను గోడకు కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగాను. పది నిమిషాలు, అరగంట. మూగినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. సింపుల్ సారు కారులోకి వెళ్ళి కూర్చున్నారు. మధ్యలో టీ వచ్చింది. పెద్ద ఫిట్టరు మూడు దెబ్బలు కొట్టాడు. అర తలుపు సందులోంచి ఒక సన్నటి చేయి బయటికొచ్చి, గ్లాసు అందుకుని లోపలికి పోయింది. నాకు ఒళ్ళు మండింది. నా పరువు పోతుంటే ఈయనకు టీ కావాల్సి వచ్చిందా అని ఇంకా గట్టిగా లాగాను. గంట దాటాక రెండు దెబ్బలు వినిపించాయి. వదిలెయ్ అని. నేను వదిలితేగా. ఆ కోపంలో ఒక్క గుంజు గుంజాను, అది వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. నేను కనెక్టరుతో సహా వెల్లకిలా పాత ఆయిలు మడుగులో పడ్డాను.

మామ చెమటలో తడిసి బయటికొచ్చాడు. "కష్టంగా ఉండాది ముదలాళీ" అన్నాడు వగరుస్తూ. "గోళ్ళు నాలుగు, నాకుండేది రెండు చేతులు. లోపల ఒకడు, బయట ఒకడు లేకుంటే ఇది యాడికీ రాదు." ముదలాళి రంగు మీద పడిన గీతను వేలితో తడిమాడు. రోడ్డు మీద ఎన్ని వాన్లు రిపేరుకు వస్తాయో ఆయనకు తెలుసు. "అట్లయితే లోపలివాళ్ళు ఉండనీ" అన్నాడు. ఆ రిపోర్టు నాచేతే రాయించారు. బిగించడానికి ఒక మనిషి, ఒక క్షణం. ఊడదీయడానికి ఇద్దరు మనుషులు, ఒక గంట. కింద నా సంతకం. పర్మినెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది. సింపుల్ సారు మాత్రం నష్టపోలేదు. 'దొంగలు కూడా ఊడదీయలేరు' అని కరపత్రం వేసి దాన్నే నాలుగు ఊళ్ళలో అమ్మారు. నేను తర్వాత డబ్బా అంచుకు ఒక చిన్న చెవి, రంధ్రానికి ఒక గాడి పెట్టాను, తప్పుగా తిప్పితే దూరకుండా. ఊడదీసే సంగతి మాత్రం ఇంకెవరూ ఎత్తలేదు. నలుగురూ ఆ షెడ్డులోనే ఉండిపోయారు.

చాలా ఏళ్ళకు మామ పని మానేసిన రోజు మిఠాయి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి నేను వేరే కంపెనీలో, నాకింద పదిమంది. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది, నేను ఆయిల్లో పడిన సంగతి చెప్పి అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. మామ మిఠాయి నములుతూ నెమ్మదిగా అన్నాడు.

"రెండు నిమిషాలు గూడా పట్టలేదు అల్లుడా. ఆ అరలో వైర్లు తోసే పైపు ముక్క ఒకటి పడుండె. దాన్ని వెనకనుంచి తొడిగితే నాలుగు గోళ్ళూ ఒకేసారి ముడుచుకునె."

"మరి గంటసేపు ఏం చేశావు మామా?"

"పట్టుకోని ఉంటిని. నువ్వు బయట లాగతా ఉండావు, నేను లోపల పట్టుకోని ఉంటిని. ఇరవై రెండేండ్లు నట్టు పట్టుకున్నోడికి నీ డబ్బా పట్టుకోను రాదా?"

"టీ తాగేటప్పుడు?"

"అప్పుడు ఒంటిచేత్తో పట్టుకుంటిని."

అత్త నవ్వు ఆపేసింది. నాకు నవ్వు రాలేదు. ఆరు నెలలు, ఆయిలు మడుగు, కారులో సింపుల్ సారు ముఖం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నా ఉద్యోగం పోయుంటే ఏం చేసేవాడివి మామా?" అన్నాను.

"నువ్వు సదువుకున్నోడివి, ఇంకోటి దొరుకుతాది" అన్నాడు. "నాకు యాడ దొరుకుతాది, చెప్పు."

ఆ అరలో ఉన్నది ఎవరో ఆ రోజు నాకు తెలుసు. నేను నెగ్గితే ఆ ఇంట్లో ఏమవుతుందో అమ్మ ముందే చెప్పింది. అన్నీ తెలిసే గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. ఇరవై మూడేళ్ళ ఆ వెధవను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, లాగి లాగి వాడికొచ్చిన నడుం నొప్పి మీద మాత్రం జాలి రాదు. మామ వాణ్ణి గంటకే వదిలేశాడు. ఇంకో గంట లాగించి ఉంటే బాగుండేది.