నేను ఏడుసార్లు చూసిన గార్డు తాత

ఇప్పుడంటే మీసాలు నెరిసినవాళ్లు కూడా “పెద్దవాళ్లు చూడదగ్గ బొమ్మల సీరియళ్లు నాలుగు చెప్పండి” అని వాట్సాప్ గ్రూపుల్లో దర్జాగా అడుగుతున్నారు గానీ, మేం షోళింగనల్లూరులో కొత్తగా ఉద్యోగాలకు చేరిన ఆ రోజుల్లో, మీసం మొలిచినవాడు బొమ్మల సీరియల్ చూడటమంటే నోట్లో పాలసీసాతో పట్టుబడ్డట్టే లెక్క. అందుకే మా చర్చలన్నీ ఆఫీసు క్యాబులో, అద్దాలు పైకెత్తుకుని, ఏదో రహస్య సంఘంవాళ్లలా జరిగేవి. పెరంబూరులో మా ఇంటి దగ్గర బయలుదేరిన బండి ఆఫీసు చేరడానికి గంటన్నర పట్టేది (వాన పడితే ఒక యుగం). ఆ గంటన్నరలో మేం తేల్చాల్సిన సమస్య ఒక్కటే: భూమ్మీద పెద్దల కోసం గీసిన బొమ్మల సీరియళ్లన్నిటిలోకీ ఏది గొప్పది?

వాదించేది ముగ్గురం. నా పక్కన కూర్చునేవాడిని ‘గోదారి’ అనేవాళ్లం. రాజమండ్రి నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, గొంతు మాత్రం ఇంకా అక్కడి రేవులోనే ఉండేది. వాడి దృష్టిలో ప్రపంచంలోకెల్లా గొప్ప సీరియల్ మూడొందల భాగాల మరమనుషుల యుద్ధం. వెనక సీట్లో టెస్టింగ్ విభాగం అమ్మాయి. ప్రతిదీ రెండేసిసార్లు సరిచూస్తుంది గనక ఆమె పేరు ‘డబుల్‌చెక్’. మా మాదిరే తాతల నాడు మద్రాసులో దిగిపోయిన తెలుగు కుటుంబం. ఆమె ఓటు అపార్ట్‌మెంట్ మేడ మీద కాపురముండే పావురాల సంసారానికి. ఇక నా ఓటు గార్డు తాతకి.

గార్డు తాత గురించి చెప్పాలి. ఏదో దూరదేశపు సీరియల్ అది. పాసింజరు బండిలో పనిచేసే ఒక ముసలి గార్డు, పచ్చజెండా, ఎర్రజెండా, ఒక టిఫిను డబ్బా. అంతే. కొట్లాటలు లేవు, పాటలు లేవు. మాటలు వాళ్ల భాషలో నడుస్తుంటే కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. నేను దాన్ని ఏడుసార్లు చూశాను (క్యాబులో ఇరవై అని చెప్పేవాణ్ణి). “అదొక సీరియల్ కాదు, ఉపనిషత్తు” అని నేనంటే గోదారి లేచి నిలబడినంత పని చేసేవాడు.

“ఒరే బాబూ, మొదటి భాగం మొత్తమ్మీద ఆ ముసలాయన ఇడ్లీలాంటిదేదో తిన్నాడ్రా. అది తప్ప ఏం జరిగిందో చెప్పు నువ్వు. అదే మా దాంట్లో అయితే తొలి నిమిషంలోనే రెండు గ్రహాలు పోతాయి!”

“రెండు గ్రహాలు పోతే నీకేమి, నీ లంచ్‌బాక్స్ పోలేదు కదా పా,” అనేది డబుల్‌చెక్ వెనక నుంచి, అరవం కలిసిన తన తెలుగులో. “మా పావురాలు చూడండి. ఈఎంఐ కట్టలేక గూడు మార్చినాయి. అది దా రియల్ లైఫు.”

తీర్పు చెప్పేది డ్రైవరు అణ్ణ. ఆయన ఈ మూడింటిలో ఒక్కటీ చూడలేదు. అయినా ఎవరు బాగా వర్ణిస్తే వాళ్లకే ఓటు. వర్ణనలో నన్ను కొట్టేవాడు ఆ రోడ్డు మీద పుట్టలేదు. గార్డు తాత జెండా ఊపడాన్ని నేను అడయారు నుంచి కందన్‌చావడి దాకా వర్ణించగలను.

ఇంత చేసి, నేను ఒప్పించలేని మనిషి ఒకడుండేవాడు. మా నాయన. రైలుపెట్టెలకు రంగు వేసే పనిలో ముప్ఫై ఏళ్లు చేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. పెద్దగా మాట్లాడడు. వీధిలో ఎవరైనా “మీవాడు ఏం పని చేస్తా ఉండాడు సామీ?” అని అడిగితే, దాచకుండా, ఏ భావమూ లేకుండా, “కంప్యూటర్లో బొమ్మలు చూస్తాడు” అనేవాడు. నెల జీతం ఇంటికి తెస్తున్నానన్న సంగతి అందులో ఎక్కడా వచ్చేది కాదు. ఒకసారి ఉండబట్టలేక, “నాయనా, అవి చిన్నపిల్లల బొమ్మలు కాదు, పెద్దోళ్లకి తీసినవి” అన్నాను. “పెద్దోళ్లకి బొమ్మలెందుకు రా? ఈడ మనుషులు లేరా చూసేదానికి?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా పేపరు తిప్పుకున్నాడు. క్యాబులో వందసార్లు గెలిచినవాణ్ణి ఆ ఒక్క ప్రశ్నకు ఇంట్లో రోజూ ఓడిపోయేవాణ్ణి. రైలుపెట్టెల మధ్య బతికిన మనిషికి రైలు గార్డు కథ ఒక్క భాగం చూపిస్తే చాలు, తన కొడుకు పిల్లచేష్టలు చేయడం లేదని ఒప్పుకుంటాడని నా నమ్మకం. కూర్చోబెట్టేదెలా?

దేవుడు మా మేనేజరు రూపంలో దిగివచ్చాడు. ఆఫీసులో ఫ్యామిలీ డే వచ్చింది. అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకురావచ్చు. మేనేజరు నన్ను పిలిచి, “నువ్వు కార్టూన్ల మాస్టర్‌వట గదా. పిల్లల హాలు నువ్వే చూస్కో. ఏదో ఒక బొమ్మల సినిమా పెట్టు, గంటసేపు లొల్లి లేకుంటే చాలు” అన్నాడు. అక్కడే నా పతనం మొదలైంది. నాకు వినిపించింది ‘హాలు’, ‘పెద్ద తెర’, ‘గంటసేపు’. ‘పిల్లలు’ అన్న మాట చెవి దాకా వచ్చి వెనక్కి పోయింది.

శనివారం నాడు నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హాల్లో కుర్చీలన్నీ పిల్లలవే, జానెడు ఎత్తువి. ఆఖరి వరసలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు నలభైమంది పిల్లలు (గోదారి లెక్కలో పద్దెనిమిది, నేను నా లెక్కనే నమ్ముతాను). అందరి చేతుల్లో పాప్‌కార్న్ పొట్లాలు. నేను గొంతు సవరించుకుని, “పిల్లలూ, మీరిప్పుడు చూడబోయేది ఒక మహత్తరమైన...” అని మొదలుపెట్టేసరికే మొదటి పాప్‌కార్న్ నా నుదుటికి తగిలింది. దీపాలు ఆర్పి గార్డు తాతను పెట్టేశాను.

రెండు నిమిషాలు నిశ్శబ్దం. అది ఆసక్తి అనుకున్నాను. మూడో నిమిషంలో ముందు వరసలోంచి ఒక పాప లేచి, “అంకుల్, ఈ తాత ఎప్పుడు ఎగురుతాడు?” అంది.

“ఎగరడమ్మా. రైల్లో పోతాడు.”

“రైలు రోబో అవుతుందా?”

“కాదు నాన్నా.”

“మరి విలన్ ఎవరు అంకుల్?”

నేనప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నెలల తరబడి క్యాబులో ఉపన్యసించిన నోరు. “కాలం, తల్లీ” అన్నాను. ఆ పాప నా మొహంలోకి చూసి, పెదవి విరిచి, ఏడుపు అందుకుంది. ఏడుపు వరసలు దాటుకుంటూ తుఫానులా పోయింది. ఒకడు తెర ముందుకొచ్చి తన నీడతో కుక్కను చేశాడు. ఆ కుక్క గార్డు తాత టోపీని కొరికితే హాలంతా చప్పట్లు. డబుల్‌చెక్ తలుపు దగ్గర నుంచి “సార్ వస్తా ఉండారు, సీక్రం మార్చు!” అని చేతులూపుతూనే ఉంది. నేను మారిస్తేగా! నా కళ్లు ఆఖరి వరసలో ఉన్నాయి. చీకట్లో నాయన మొహం కనబడటం లేదు.

మేనేజరు వచ్చాడు. పన్నెండో నిమిషంలో గార్డు తాత జెండా పైకెత్తి, ఇంకా దించకముందే తెర నల్లబడి, కుందేళ్లు డాన్సు చేయడం మొదలుపెట్టాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. “గిదేంది భాయ్, పిల్లలకు రిటైర్‌మెంట్ కథలు పెడ్తవా?” అని మేనేజరు అడిగిన తీరులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నేను వెనక్కి తిరిగి చూస్తే ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంది. పన్నెండు నిమిషాలు కూడా నిలవలేదు నా ఉపనిషత్తు.

బయట వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు నాయన. “పోదామా?” అన్నాడంతే. బస్సులో తిరువాన్మియూరు దాకా వచ్చాం. అక్కడ రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, బయటికి చూస్తూనే అడిగాడు.

“ఆ చెట్టును చూసినావా రా?”

“ఏ చెట్టు నాయనా?”

“ఆ గార్డు కిటికీలో. తల తిప్పినప్పుడంతా అదే చెట్టు వస్తా ఉండాది. మూడుసార్లు వచ్చినాది.”

నాకు ఏ చెట్టూ గుర్తు రాలేదు. అయినా నిపుణుణ్ణి కదా, తడుముకోకుండా చెప్పేశాను. “బొమ్మలు గీసేవాళ్లు పని తగ్గించుకునేదానికి గీసిందే మళ్లీ మళ్లీ వాడతారు నాయనా. అది మామూలే.”

“గీసిందే వాడితే ఆకులెందుకు తగ్గినాయి?” అన్నాడు. “మొదట నిండుగా ఉండాది. రెండోసారికి సగం. మూడోసారికి ఒట్టి కొమ్మలు. రంగు కూడా మార్చినారు. తొలీత పచ్చ, మళ్ల పసుపు కలిపినారు, మళ్ల బూడిద.” కాసేపాగి, “ఆడ పోయేది ఒక దినం బండి కాదురా. వాడి సర్వీసంతా పోతా ఉండాది” అన్నాడు.

ఏడుసార్లలో ఒక్కసారి కూడా నేనా కిటికీలోంచి బయటికి చూడలేదు. నా కళ్లు ఎప్పుడూ తెర అడుగున, ఇంగ్లీషు అక్షరాల మీదే పరిగెత్తేవి. నాయనకు అంత వేగంగా ఇంగ్లీషు చదవడం రాదు. కాబట్టి ఆయనకు బొమ్మ తప్ప వేరే దిక్కు లేదు. నేను దాన్ని ఏడుసార్లు చదివాను. ఆయన పన్నెండు నిమిషాలు చూశాడు.

పార్క్‌టౌన్ దాటాక, నాయన గొంతు తగ్గించి, పక్కవాళ్లు వింటారేమోనన్నట్టు అడిగాడు. “జెండా ఎత్తినాడు గదా, తరువాత ఏమాయె?”

నెలల తరబడి నేను ఎదురుచూసిన ప్రశ్న! రెండు చేతులూ ఎత్తి వర్ణన మొదలుపెట్టబోయాను. నాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు. “నువ్వు చెప్పొద్దు. రేపు ఇంట్లో పెట్టు. నేనే చూసుకుంటా.” ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ ముందు నుంచీ చూశాడు. రెండో నిమిషంలోనే, “ఆ కింద అక్షరాలు తీసేయ్ రా, బొమ్మకు అడ్డం” అన్నాడు. తీసేశాను. ఆ రోజు మొదటిసారి నేనూ ఆ చెట్టును చూశాను.

ఇక్కడ ఆపేస్తే నేను మంచివాణ్ణే. కానీ సోమవారం వచ్చింది. క్యాబులో గోదారి నా పరాభవాన్ని నమిలి నమిలి ఆనందిస్తూ, “ఏరా, మీ తాతని పిల్లలు తోలేశారుగా!” అనగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది. “ఆ కిటికీలో చెట్టు చూశావా?” అన్నాను. ఆకుల సంగతి, రంగుల సంగతి, సర్వీసు సంగతి, అన్నీ వరసగా, నేనే కనిపెట్టినట్టు, మా నాయన ఆగినచోట ఆగుతూ చెప్పాను. గోదారి నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. డబుల్‌చెక్ కూడా సరిచూడకుండానే ఒప్పుకుంది. “ఓడిపోయాన్రా బాబూ,” అన్నాడు గోదారి చివరికి, “నీ కన్ను చాలా గొప్పదిరా.” ‘నాది కాదు, మా నాయనది’ అనడానికి ఎన్ని క్షణాలు పడతాయి? ఆ క్షణాలు నాకు ఆ ఉదయం దొరకలేదు. తర్వాత పద్దెనిమిదేళ్లలోనూ దొరకలేదు.

మొన్నామధ్య గోదారి మా ఇంటికి వచ్చాడు. జుట్టు పోయింది, గొంతు అలాగే ఉంది. కాఫీ తాగుతూ, పక్కనే కూర్చున్న నాయనతో, “మీవాడు మామూలోడు కాదండీ బాబాయ్ గారూ. ఓ బొమ్మల సీరియల్లో చెట్టు ఆకులు తగ్గడం కనిపెట్టాడండీ. అప్పటికి మాకెవ్వరికీ కనబళ్లేదండీ, ఆయ్!” అని చెట్టు కథంతా మొదటి నుంచి చెప్పాడు. నాయన అంతా ఓపిగ్గా విన్నాడు. నా వైపు ఒకసారి, ఒక్కసారే చూశాడు. తర్వాత గోదారి వైపు తిరిగి, “అవును అబ్బయా, వాడికి చిన్నప్పటి నుంచీ కన్ను జాస్తి” అన్నాడు.

నేను కాఫీ కప్పు వెనక మొహం దాచుకున్నాను. నలభై నాలుగేళ్ల మొహం. కప్పు చాల్లేదు.