కాంటా మీద నాయిన, మబ్బులో నేను

మా ఇంట్లో అనుమానం వంశపారంపర్యం. పాలల్లో నీళ్లు కలిపారేమోనని అందరూ అనుమానిస్తారు. మా నాయినకు నీళ్ల మీద కూడా అనుమానమే. ఆయన కూతురిని కాబట్టి, పైలట్ చదువుకు పోయినా నాకు ఆ గుణం పోలేదు.

పోయినేడు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్ష మొదటిసారి తప్పాను. మబ్బులో బయట ఏమీ కనపడనప్పుడు, ఎదురుగా ఉన్న మీటర్లను మాత్రమే చూసి విమానం నడపగలవా లేదా అని తేల్చే పరీక్ష అది. బయటికి చూపు పోకుండా నుదుటికి టోపీ లాంటి డిప్ప ఒకటి తగిలిస్తారు. దాని కింద ఐదు నిమిషాలు గడిచాయో లేదో, విమానం కుడికి ఒరిగిపోతోందని నా ఒళ్లు గోల పెట్టింది. మీటర్లేమో తిన్నగానే ఉందన్నాయి. మీటర్లు చెడిపోయాయనుకుని ఎడమకు తిప్పాను. అప్పుడు నిజంగానే ఒరిగింది. పరీక్ష పెడుతున్న కెప్టెన్ వెంటనే విమానాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అక్కడితో పరీక్ష ముగిసింది.

"నడపడం వచ్చు నీకు. నమ్మడమే రాదు," అన్నాడు మా శిక్షకుడు. మళ్లీ పరీక్షకు రెండు వారాల గడువిచ్చారు. ఈసారి తప్పితే చదువు మానేసి ఇంటికొచ్చేస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

కేసముద్రం దగ్గరి మా ఊరికొచ్చి, మీటర్ల బొమ్మ గోడకు అంటించి, ప్లాస్టిక్ కుర్చీలో దాని ముందు కూర్చునేదాన్ని. ఏ ఒక్క మీటర్ దగ్గరా చూపు ఆగిపోకుండా అన్నిటి మీదా తిప్పుతూ ఉండాలి. నాయిన గడప దగ్గర నిలబడి చూసేవాడు.

"కండ్లకు అడ్డం పెట్టి నడుపుమన్నోడు ఎవడు బిడ్డా? వాడు కావాల్నని ఫెయిల్ చేసిండు."

"గదేం లేదు నాయినా. నేనే మీటర్లను నమ్మలే."

"మంచి పనే జేసినవ్. మిషిన్లను ఎట్ల నమ్ముతరు?"

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు చాలా హాయిగా అనిపించింది.

ఆ వారమే మక్కజొన్నలు అమ్మడానికి మార్కెట్ యార్డుకు పోయాం. నాయినకు అక్కడ ఒక పద్ధతి ఉంది. బస్తాల కంటే ముందు, చెప్పులు విడిచి తానే కాంటా ఎక్కుతాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన బరువు అరవై ఎనిమిది కిలోలు. కాంటా ఆ అంకె చూపిస్తేనే బస్తా పెట్టనిస్తాడు. తూకం వేసే దడ్వాయిలందరికీ ఇది తెలుసు. నవ్వుతారు గానీ అడ్డు చెప్పరు.

ఆ రోజు కాంటా అరవై మూడు చూపించింది.

"చూసినవా! ఐదు కిలోలు మింగింది!" అని నాయిన యార్డంతా వినపడేలా అరిచాడు.

"కొత్త కాంటా కాకా. మొన్ననే సర్కారోళ్లు తూకం సూసి ముద్ర ఏసిండ్రు," అన్నాడు దడ్వాయి.

"ముద్రదేముంది, ఎవలైన ఏస్తరు!"

నేను మాత్రం తక్కువ తిన్నానా? నాయినకు వంతపాడి నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. పక్క కాంటాకు పోయాం. అరవై మూడు. అందరూ కూడబలుక్కున్నారని తిట్టుకుంటూ చివరి షెడ్డులోని మూడో కాంటాకు పోయాం. అక్కడా అంతే.

నాయిన కాంటా దిగుతుంటే ఆయన బెల్టు మీద నా చూపు పడింది. మేకుతో కొత్తగా పొడిచిన బెజ్జాలు రెండున్నాయి.

"నాయినా, నువ్వు బక్కవడ్డవ్."

ఆయన బెల్టు కనపడకుండా అంగీ కిందికి లాక్కున్నాడు. తర్వాత, "బస్తాలు పెట్టున్రి," అన్నాడు మెల్లగా.

మర్నాడే మానుకోట దవాఖానకు తీసుకుపోతే షుగర్ అని తేలింది. రక్తం తీసిన నర్సును కూడా ఆ సూది మంచిదేనా అని అడిగాడు. ఆయన మీద జాలి, నా మీద సిగ్గు ఒకేసారి కమ్మాయి. మూడు కాంటాలు ఒక్క మాట చెబుతుంటే, మా ఒళ్లే సాక్ష్యమని మేమిద్దరం వాటిని దొంగలన్నాం.

మిగిలిన రోజులు సాధన మార్చాను. ఒక మీటర్ మీద అనుమానం వస్తే దాన్ని ఒంటితో కాదు, మరో రెండు మీటర్లతో సరిచూడాలి. పొద్దున లేచినప్పటి నుంచీ అదే పని. అన్నం పెడుతూ అమ్మ ఏదో అడిగినా నా కళ్లు గోడ మీదే తిరిగేవి.

రెండోసారి కూడా అదే కెప్టెన్ వచ్చాడు. డిప్ప దించిన కాసేపటికే నా ఒళ్లు మొదలుపెట్టింది. ఈసారి ఎడమకు. మీటర్లు మూడు చూశాను. మూడూ తిన్నగా ఉందన్నాయి. పడిపోతున్నామనే అనిపిస్తున్నా చేతులు కదపలేదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు. అలాగే దిక్కు పట్టుకుని, ఎత్తు తగ్గించుకుంటూ, చివరిదాకా వచ్చాను.

"డిప్ప తీయి," అన్నాడు కెప్టెన్.

ఎదురుగా, సూటిగా, రన్‌వే ఉంది. నాకు నమ్మకం కలగలేదు.

"సార్, మధ్యలో మీరేమన్న పట్టుకున్నరా?"

ఆయన ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"ఎక్కినప్పటి నుంచీ ముట్టుకోలేదమ్మా."