కాడి మోసిన మా చిట్టి

మా చిన్నప్పుడు... మిట్టమధ్యాహ్నం పూట మా తెల్లావు ఈనింది. కోడెదూడ. మాకున్న ఎడ్ల జతలో ఒకటి ఆ ముందటేడే పాము కరిచి పోయింది. అందుకని కోడెదూడను చూడగానే నాన్న ముఖం వెలిగిపోయింది. ఆవుకు కుడితి పెట్టి, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేయడానికి వెళ్ళిపోయాడు.

అమ్మ మాత్రం కదల్లేదు. ఆవు పొట్ట మీద చెయ్యేసి చూసి, "ఒసే సువార్తా, మీ నాన్నని పిలువు. లోపల ఇంకోటుంది!" అని కేకేసింది.

నేను పరుగెత్తి నాన్నను తీసుకొచ్చేసరికి రెండోది కూడా నేల మీద పడి ఉంది. పెయ్యదూడ. మేకపిల్లంత ఉంది, ఊపిరి లేదు. అమ్మ దాని నోట్లో జిగురంతా వేలితో తీసేసి, గోనెపట్టాతో ఒళ్ళు రుద్దుతోంది. "ఇంక వదిలెయ్యవే" అన్నాడు నాన్న. అమ్మ రుద్దుతూనే ఉంది... చివరికి ఆ బుల్లి ముక్కులోంచి ఒక తుమ్ము వచ్చింది. నేను గంతులేశాను.

దానికి చిట్టి అని పేరు పెట్టాను. తెల్లావుకు మాత్రం అది పడలేదు. కోడెదూడను నాకేది, చిట్టి పొదుగు దగ్గరికొస్తే తన్నేది. అమ్మ చిట్టి ఒంటికి ఉప్పు, తవుడు రాసి ఆవు ముందు నిలబెట్టేది. ఉప్పు కోసమైనా నాకుతుందని... ఆవు కాళ్ళకు బంధం వేసి, చిట్టి మూతిని పొదుగుకు ఆనించి పట్టుకునేది. ఆదివారం చర్చికి కూడా దాని కడుపు నిండాకే బయల్దేరేవాళ్ళం. అలా అలా ఆవు దాన్ని ఒప్పుకుంది.

కవలలిద్దరూ పెరిగారు. అన్న, అంటే ఆ కోడెదూడ, మా పాత ఎద్దు పక్కన కాడికి అలవాటు పడ్డాడు. చిట్టి కూడా అన్నంత ఎత్తయింది, మెడ బలిసింది... కానీ చూలు మాత్రం కట్టలేదు. ప్రత్తిపాడు నుంచి వచ్చిన పశువుల డాక్టరు గారు చూసి, "మగదూడతో కలిసి పుట్టిన పెయ్య కదండి... ఇట్టాంటివాటికి చాలామటుకు గర్భసంచి ఎదగదు. ఇది ఈనదు" అని చెప్పారు.

ఆ వారమే నాన్న పశువుల బేరగాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. అతను చిట్టిని రాట నుంచి విప్పుతుంటే, అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి పలుపు లాక్కుంది.

"పాలియ్యదు, దూడని పెట్టదు. ఎన్నాళ్ళు మేపుతావే దీన్ని?" అన్నాడు నాన్న.

"సంతకి తోలితే కోతకే గదా పోయేది? పంపను."

"మరేం చేస్తావు?"

"కాడి కడతా. పాలియ్యకపోతే పని చేసిద్ది. ఈ వానాకాలం అయ్యేదాకా ఆగు. అప్పటికీ పనికి రాకపోతే నేనే తోలుకెళ్ళి ఇచ్చొస్తా."

బేరగాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నాన్న నవ్వలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు.

ఆ ఎండాకాలమంతా అమ్మకు అదే పని. పొద్దున్నే చిట్టి మెడ మీద కర్ర పెట్టి, వెనక చిన్న దుంగ కట్టి, చేను గట్టు వెంట నడిపించేది. అది కూలబడేది, తాళ్ళు తెంపుకునేది. ఒకసారి తల విసిరి కొడితే అమ్మ భుజం వాచిపోయింది. వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుని మర్నాడు మళ్ళీ పలుపు పట్టుకుంది. నేను జనుము పట్టుకుని చిట్టికి ఆశ చూపిస్తూ ముందు నడిచేదాన్ని.

దారిన పోతూ మా పక్కచేను పెద్దాయన ఆగి, "ఏవమ్మా, ఆవుని కాడి కడతావా? పాపం తగులుద్ది" అన్నాడు.

"కోతకి పంపితే తగలని పాపం, కాడి కడితే తగులుద్దా బాబాయ్?" అంది అమ్మ, పలుపు వదలకుండానే.

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. చేలో కలుపు మిరపమొక్కల్ని మించిపోయింది. తెరిపిచ్చి నేల పదునుకొచ్చేసరికి మా పాత ఎద్దు కాలు కుంటుతోంది. ఎడ్లు అడుగుదామంటే ఊరంతా ఎవరి చేలో వాళ్ళున్నారు. నాన్న కొట్టంలోకి వెళ్ళి, కాడి తీసుకుని అన్న పక్కన చిట్టిని కట్టాడు.

సాళ్ళ మధ్య కలుపు కోసే గుంటక వేశాడు. రెండో సాలు సగంలో చిట్టి ఆగిపోయింది. అన్న పక్కకు లాగేశాడు, మిరపమొక్కలు విరిగాయి. నాన్న చెర్నాకోల ఎత్తాడు.

"కొట్టమాక!" అంటూ అమ్మ సాళ్ళకు అడ్డం పడి వచ్చింది. చిట్టి మూపురం మీద చెయ్యేసి, "నడువమ్మా... నడు" అంది. చిట్టి చెవులు ఆడించింది. ఒక అడుగేసింది... ఇంకొకటి. అమ్మ ఆ సాలు చివరిదాకా పక్కనే నడిచింది. ఆ తర్వాత సాలుకు చెయ్యి తీసేసింది. చిట్టి ఆగలేదు.

పొద్దుగూకేలోపు చేనంతా అయిపోయింది. ఇంటికొచ్చాక నాన్న తన కాళ్ళు కడుక్కోలేదు. ముందు చిట్టి ముందు కుడితి తొట్టి పెట్టి, అది తాగేదాకా దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత బేరగాడు మళ్ళీ వస్తే, వాకిట్లోంచే పంపేశాడు... "మా ఎడ్ల జత అమ్మేది లేదయ్యా" అని. ఎడ్ల జత అన్నాడు! అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను.

చిట్టి మా చేలో ఏళ్ళ తరబడి పనిచేసింది. ముసలిదై మా కొట్టంలోనే కన్నుమూసింది.

ఇప్పుడు ఊరెళితే కొట్టాల్లో మోటారు సైకిళ్ళు, మందు కొట్టే మిషన్లు... దున్నకానికి ట్రాక్టరుకు ఫోన్ చేస్తే చాలు. పని తేలికైంది, కాదనను. కానీ పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూసే జీవం ఒక్కటీ కనపడదు...

అందరూ వద్దన్నా మీ ఇంట్లో ఎవరో పట్టుబట్టి నిలబెట్టిన పశువు ఉండే ఉంటుంది. దాని పేరేమిటో కింద రాయండి... ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరును మళ్ళీ ఒకరైనా పలుకుతారు.