పగడపు గుట్ట కింది ఇసుక

నికోబార్ దీవుల్లోని ఆ తీర గస్తీ పోస్టుకు నేను చేరింది ఉదయం పదింటికి, వానలో. అండమాన్ నుంచి ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం. అక్కడ పన్నెండు మంది, రెండు రేకుల షెడ్లు. వైర్‌లెస్ ఆపరేటర్‌ది వనపర్తి, నాది గద్వాల.

"అన్నా, ఈడ తడిసిన బట్ట ఆరదు. మన దిక్కు లెక్క కాదు," అన్నాడు నన్ను చూడగానే. రెండేళ్లు నా బట్టలు ఆరనేలేదు.

ప్రతి బుధవారం గస్తీ. పొద్దున ఐదింటికి బయలుదేరి అడవిలో ఏడు కిలోమీటర్లు నడవాలి. దీవి అంచున పగడపు రాతి గుట్ట నలభై అడుగులు నిట్టనిలువుగా దిగుతుంది. ఆ రాయికి చేతి తొడుగులు నెలకో జత చిరిగేవి. కింద, రెండు బండల చాటున, చిన్న ఇసుక ఒడ్డు. పెద్ద అలలు అక్కడికి రావు. దొంగచాటుగా పడవ ఆపాలంటే అదే చోటు. తాడు పట్టుకుని దిగి, చూసి, రేడియోలో చెప్పి, పోటు రాకముందే ఎక్కాలి. పోటుకు ఇసుకంతా మునుగుతుంది.

పద్నాలుగో నెలలో ఒకరోజు ఇసుక మీద పడవ కనిపించింది. ఇంజను పాడైన చేపల పడవ. లోపల ఇద్దరు, పోలికలు చూస్తే అన్నదమ్ములు. తమ్ముడికి ముప్పై ఏళ్లుంటాయి. చనిపోయి ఒకరోజైనా అయింది. అన్నకు ఊపిరి ఉంది. వాళ్ల భాష మాకు రాదు.

టైము తొమ్మిదీ యాభై. పోటు పదకొండుకు. మేం నలుగురం, తాడు ఒక్కటే. ఆపరేటర్ పోస్టుతో మాట్లాడి నా వైపు తిరిగాడు.

"బతికున్నోన్ని తెమ్మంటున్రు. ఇంకోన్ని రేపు సూద్దామంటున్రు."

"రేపటికి ఈడ ఏముంటది?"

"నాకు తెల్వదా అన్నా? జర జల్ది కానీ."

అన్న పడవ అంచు వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి నడుముకు తాడు కట్టింది నేనే. పడవను బండకు కట్టేశాం. అతన్ని పైకి చేర్చేసరికి గంట దాటింది. ఆఖరున ఎక్కిన నాకు మోకాళ్ల దాకా నీళ్లు.

మర్నాడు పొద్దున హెలికాప్టర్ అతన్ని తీసుకెళ్లింది. కోలుకున్నాడని తర్వాత తెలిసింది. ఆటు సమయానికి మేం మళ్లీ దిగాం. బండకు తెగిన తాడు ముక్క మాత్రం ఉంది. ఆపరేటర్ రేడియో సెట్టు తీసి పోస్టును పిలిచాడు. "ఏమీ లేదు," అని చెప్పాడు.

గద్వాలకు తిరిగొచ్చాక వారం రోజులు నిద్రే. ఈమధ్య మా మేనకోడలు అడిగింది: "మామా, పెండ్లైనంక మేం అండమాన్ పోదామనుకుంటున్నం. ఆడ బీచ్‌లు మస్తుంటయట గద?"

"ఉంటయమ్మా. ఇసుక తెల్లగుంటది," అన్నాను.

ఆ రోజు తాడు కట్టకముందు ఆ పడవలోని అన్నకు సీసా మూతతో నీళ్లు తాగించాను. మూడో మూత అతను తాగలేదు. వేలు అందులో ముంచి, తమ్ముడి పెదాలు తడిపాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ తడిపాడు. నీళ్లు ఇంకొన్ని పొయ్యమని ఖాళీ మూతను నా వైపు చాచాడు.