మా అమ్మాయి మూడో హిట్టు

తిరువూరు చుట్టుపక్కల బేస్‌బాల్ స్కోరు రాయడం ఎవరికి వచ్చని అడిగితే నన్నే చూపిస్తారు. గొప్పలు పోవడం కాదు, ఉన్న మాటే. లెక్కల టీచర్ని, చేతిరాత బాగుంటుంది, పైగా ఎండలో మూడు గంటలు కూర్చోడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. మా పీఈటీ సార్ రూల్సు పుస్తకం చేతిలో పెట్టి కుర్చీ చూపించారు. ఆరేళ్ళ కిందటి మాట అది. ఇప్పుడు గంపలగూడెంలో మ్యాచ్ అయినా, ఎ.కొండూరులో అయినా ముందు నాకే ఫోనొస్తుంది.

స్కోరంటే క్రికెట్‌లోలా పరుగులు రాసుకోవడమే అనుకుంటారు అందరూ. అబ్బే! బంతి కొట్టిన అమ్మాయి పరుగెత్తి మొదటి మజిలీకి, అంటే ఫస్ట్ బేస్‌కి చేరినంత మాత్రాన హిట్టు అని రాసేయకూడదు. తన సత్తాతో చేరిందా, లేక ఫీల్డరు ఇంకొకరిని అవుట్ చేద్దామని బంతి అటు విసరబట్టి బతికిపోయిందా, అది తేల్చాలి. తన సత్తా అయితే హిట్టు. బతికిపోతే ఫీల్డర్స్ ఛాయిస్, ఎఫ్‌సీ అని రాస్తాం. పిల్లలకి నేను మామిడితోట లెక్క చెబుతాను. ఇద్దరు కాయలు కోసుకుని చెరోవైపు పరుగెత్తారు, కాపలాదారు ఒకడి వెంటే పడ్డాడు. రెండోవాడి వెంట పడి ఉంటే దొరికేవాడా? దొరికేవాడైతే ఎఫ్‌సీ. ఎలాగూ దొరకని పరుగైతే హిట్టు. జరగనిదాన్ని ఊహించి రాయాలన్నమాట, అదీ ఒక్క క్షణంలో.

పోయినేడు మా స్కూలు గ్రౌండులోనే ఆడపిల్లల మ్యాచ్. మా జట్టుకీ గంపలగూడెం వైపు జట్టుకీ. జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంపిక చేయడానికి ఇద్దరు సార్లు వచ్చారు. ముందే చెప్పేశారు, రెండు మ్యాచుల్లో కలిపి మూడు హిట్లు ఉన్నవాళ్ళ పేర్లే చూస్తామని. మా జట్టులో మా అమ్మాయి ఉంది. పదో తరగతి. ఆ ఒక్క జట్టు కోసం ఏడాదంతా తెల్లారకముందే లేచి పరుగెత్తిన పిల్ల. ఇది రెండో మ్యాచ్, అప్పటికి దానికి రెండు హిట్లు.

మా అమ్మాయి కొట్టిన బంతి నేలమీద దొర్లుతూ సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య సందులోకి పోయింది. అక్కడి ఫీల్డరు నాలుగడుగులు పరుగెత్తి, వంగి, బంతి అందుకుని పరుగు పూర్తయ్యే ఇంటి బేస్‌కి విసిరింది, థర్డ్ బేస్ నుంచి వస్తున్న మా జట్టు ఇంకో పిల్లని అవుట్ చేద్దామని. అందలేదు. మాకు పరుగొచ్చింది, మా అమ్మాయి ఫస్ట్ బేస్ మీద నిలబడి నావైపు చూసింది. నేను తల దించుకుని ఎఫ్‌సీ అని రాశాను.

ఎందుకు రాశానంటే, మా వంశాచారం అది. మా నాన్న కూడా పంతులే. ఆయన క్లాసులో కూర్చున్న రెండేళ్ళూ నాకు అందరికంటే ఒక మార్కు తక్కువే పడేది, బెత్తం దెబ్బ మాత్రం ఒకటి ఎక్కువ. ఎవరూ వేలెత్తి చూపకూడదని. నేనూ అలాగే తయారయ్యాను. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఎవడైనా అంటాడేమోనని, నా పిల్లకి దక్కాల్సింది కూడా దక్కనివ్వను. దాన్ని నిజాయితీ అనుకుని మురిసిపోయేదాన్ని కూడాను.

తర్వాతి ఇన్నింగ్స్‌లో గంపలగూడెం పిల్ల ఒకతి అచ్చం అలాగే కొట్టింది. అదే సందు, థర్డ్ బేస్ మీద ఒక అమ్మాయి, మా ఫీల్డరు కూడా నాలుగడుగులు పరుగెత్తి ఇంటి బేస్‌కే విసిరింది. అందలేదు. నా చెయ్యి తడుముకోకుండా హిట్టు అని రాసేసింది. రాసి, షీటు పై సగంలో మా అమ్మాయి గడిలో ఉన్న ఎఫ్‌సీ చూశాను.

ఛీ, ఏం మనిషినే నేను అనిపించింది. ఊరివాళ్ళ పిల్లకి ఇచ్చింది కన్నబిడ్డకి ఇవ్వలేదు. మార్చుదామంటే తాటిచెట్టు కింద పాలు తాగినట్టే, ఎవరు నమ్ముతారు? పోనీ ఈ పిల్లకి రాసిన హిట్టు మీద కూడా గీత గీసి రెండూ ఎఫ్‌సీ చేస్తే? ఎవరూ అడగరు, నా పేరు చెడదు. అబద్ధమెందుకు, పెన్ను అక్కడిదాకా వెళ్ళింది కూడా. ఆ పిల్ల ఫస్ట్ బేస్ మీద నిలబడి మోకాలి మట్టి దులుపుకుంటోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మ్యాచ్ అయ్యాక లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను, ఫలానా ఇన్నింగ్స్‌లో మా అమ్మాయికి రాసిన ఎఫ్‌సీని హిట్టుగా దిద్దుతున్నానని. స్కోరరు తన నిర్ణయం మర్నాటిలోగా మార్చుకోవచ్చని రూల్సులోనే ఉంది. ఉంటే మాత్రం? వెనకాల గుసగుసలు మొదలయ్యాయి. "తల్లే స్కోరరైతే ఇంకేం" అన్నారెవరో.

గంపలగూడెం కోచ్ దగ్గరికొచ్చాడు. "మేడం గారూ, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి కాబట్టి అడుగుతున్నా" అన్నాడు.

"మా అమ్మాయి కాబట్టే ముందు తప్పు రాశానండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. రెండు గడులూ చూపించాను.

ఆయన కాసేపు షీటు చూశాడు. గుసగుసలు వస్తున్న వైపు తిరిగి, "ఆ సందులోంచి విసిరి ఈ పిల్లని ఫస్ట్‌లో అవుట్ చేసే ఫీల్డరు మా జట్టులో లేదండీ. అది హిట్టే" అన్నాడు. పరాయి జట్టు కోచ్ అలా అనడం ఎంత పెద్ద సంగతో ఆటలు ఆడించేవాళ్ళకి తెలుసు. సాయంత్రం చదివిన పేర్లలో మా అమ్మాయి పేరుంది, ఆ మోకాలి మట్టి పిల్ల పేరూ ఉంది. ఆ రోజంత గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు.

స్కూటీ మీద ఇంటికొచ్చాం. మా అమ్మాయి బూట్లు విప్పి లోపలికెళ్ళి ఒక మడత కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిదో తరగతిలో నేను దిద్దిన లెక్కల పేపరు. ఇరవై అయిదుకి ఇరవై నాలుగు. త్రిభుజం సరిగ్గానే గీసింది, గీత లావుగా ఉందని ఒక మార్కు కోశాను. ఆ క్లాసులో సగం మంది గీతలు లావుగానే ఉండేవి. ఇంకెవరికీ కోయలేదు.

"రెండేళ్ళు దాచావా దీన్ని?"

"నువ్వు ఎప్పటికైనా చూస్తావేమోనని" అంది.

ఎర్ర పెన్ను తెచ్చుకున్నాను. నాలుగు కొట్టేసి అయిదు చేశాను. కాగితం తీసుకుని చూసుకుని, మళ్ళీ నా ముందు పెట్టింది.

"సంతకం పెట్టు. అమ్మగా కాదు, టీచర్‌గా."

పెట్టాను.