పొట్ట మీద కలెక్టరు కాయ

ఆ రోజుల్లో మంచి గొంతంటే గట్టి గొంతేనని మా అందరి నమ్మకం. మైకులు అరుదు కాబట్టి మా తప్పు కూడా కాదు లెండి. నూజివీడు దగ్గర ఓ పల్లెటూరి బడిలో కొత్తగా మేష్టరుగా చేరిన నేను, నోరు ఊరుకోక, "పద్యాలు పాడతానండీ" అని పెద్దమేష్టారితో అనేశాను. ఆయన వార్షికోత్సవంలో ఓ పద్యం నాకిచ్చేశారు. రిహార్సల్లో పై స్థాయికి వెళ్ళేసరికి నా గొంతు కాస్తా చీలిపోయి, పిల్లలు బల్లల కింద దూరి నవ్వారు. పెద్దమేష్టారు మాత్రం నవ్వలేదు. "పదిహేను రోజులు టైమిస్తున్నానయ్యా. అప్పటికీ ఇంతే అయితే డ్రాయింగు మేష్టారు పాడతారు" అన్నారు. నా ప్రాణం చివుక్కుమంది. (డ్రాయింగు మేష్టారు అప్పటికే నాకంటే అందగాడు.)

మర్నాటి నుంచి తెల్లారకుండానే మిరియాల పాలు తాగి (మా అమ్మ చేతిలో పాలకంటే మిరియాలే ఎక్కువ), బడికెదురుగా ఉన్న మామిడితోటలోకి పోయి, మెడనరాలు ఉబ్బేలా అరిచేవాణ్ణి. మూడోరోజుకే గొంతు బొంగురుపోయింది. ఆ తోటలో చిలకల్ని తోలే ముసలావిణ్ణి అందరూ చిలకల మామ్మ అనేవారు. ఆవిడ "హో...య్" అంటే పక్కతోట కాపలావాళ్ళు "హో...య్" అని బదులివ్వాలి, వాళ్ళకి ఆ పైతోటవాళ్ళు. అలా అయితే ఎవరూ కునుకు తియ్యలేదని తెలిసేది. పొద్దస్తమానం అరిచినా ఆవిడ గొంతుకి జీరన్నది లేదు.

"ఏంటండీ మేష్టారూ, పీకతో అరుస్తారు? పొట్టతో అరవాలండి" అని నన్ను చెట్టుకింద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఓ కలెక్టరు మామిడికాయ పెట్టింది. "ఊపిరి తీస్తే కాయ లేవాలి. భుజాలు లేవకూడదు. వదిలేటప్పుడు కొంచెం కొంచెం వదలండి, ఒక్కసారే ఒలకబొయ్యకండి." మొదట్లో కాయ దొర్లి పడిపోయేది. వారానికి నిలిచింది. పన్నెండో రోజున పై స్థాయి నొప్పి లేకుండా పలికితే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వార్షికోత్సవం మధ్యాహ్నం. స్టేజీ ఎక్కి, పొట్ట మీద కాయ ఉందనుకుని ఊపిరి తీశాను. ఆఖరి పాదంలో రాగం ఎత్తి, పైకి వెళ్ళి, అక్కడే నిలబడ్డాను. గొంతు చీలలేదు. నేను ఆపగానే ఎదురుతోటలోంచి చిలకల మామ్మ "హో...య్" అంది. ఆ పక్కతోట అందుకుంది, ఆ పైది అందుకుంది, రెడ్డిగూడెం దాకా పోయిందేమో కూడా. జనం పడీపడీ నవ్వారు. పెద్దమేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇన్ని తోటల చేత పలికించడం డ్రాయింగు మేష్టారి వల్ల అయ్యేది కాదయ్యా" అన్నారు. మర్నాడు మామ్మని అడిగితే, "పిలుపొచ్చాక పలక్కపోతే ఎలాగండీ?" అంది తాపీగా.

ఇప్పటికీ కాయలొచ్చే రోజుల్లో మధ్యాహ్నం పడుకుని పొట్ట మీద ఓ కాయ పెట్టుకుంటాను. పొట్ట పెరిగింది కాబట్టి చక్కగా కూర్చుంటుంది. పై స్థాయి మాత్రం అందదు. అందినంతలోనే మెల్లగా ఓ రాగం తీసి ఆపుతాను. ఈ కథ వెయ్యిసార్లు విన్న మా ఆవిడ వంటింట్లోంచి, పని ఆపకుండానే, "హో...య్" అంటుంది. నవ్వొచ్చి, కాయ దొర్లి కింద పడుతుంది.