కాదు అంటే చెవి

ఆ రోజు మిల్లు సంగు కూయలేదు. కూయలేదని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ని.

సంగు అంటే మా కోయంబత్తూరులో మిల్లు సైరను. మా సంగు కూస్తే పాలక్కాడు కనుమలో ఏనుగులు ఉలిక్కిపడి లేచేవి. సరే, ఏనుగులను నేనేమీ అడగలేదు. పీలమేడులో మాత్రం ఆ కూతకు లేవని ఇల్లు లేదు. అలాంటిది ఆ పొద్దున నేను కళ్లు తెరిచేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చేసింది. ఇంట్లోవాళ్లు నాకు సెలవనుకుని లేపలేదు. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ పరుగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను పట్టుకుని, సంగు ఎందుకు ఊదలేదని దబాయించాను. ఎప్పటిలాగే కూసిందని, వీధి వీధంతా లోపలికి వెళ్లిపోయిందని అతను చెప్పాడు. నేను నమ్మలేదు. వాళ్లే మరిచిపోయి నా మీదికి నెడుతున్నారనుకున్నాను.

నేను ఎడమవైపు తిరిగి పడుకునే మనిషిని. ఎడమ చెవి తలగడలో కూరుకుపోయి ఉంటుంది, పైకి ఉండేది కుడి చెవి. ఆ పైనున్న చెవి పని చేయడం లేదన్న సంగతి నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. నేను కార్డింగ్‌లో పని చేసేవాణ్ని, దూదిని దువ్వి తాడులా తీసే యంత్రాల మధ్య. ఆ రొదలో ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని మేమంతా గొంతు తీయకుండా, పెదవులు బాగా సాగదీసి మాట్లాడుకునేవాళ్లం. మీసం దువ్వితే మేస్త్రీ వస్తున్నాడని. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. మిగతా లోకమంతా పెదవులే. మా డిపార్ట్‌మెంట్‌లో సగానికి పైగా మావాళ్లే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు. కనుక మా పెదవుల భాష తెలుగు. షెడ్డు ఆ చివర నిలబడ్డ మనిషి పెదవులు చూసి, ఈ చివర నుంచి వాళ్లింట్లో ఏం కూరో చెప్పేవాణ్ని. ఇదీ కొంచెం ఎక్కువే చెప్పాను. రెండు మిషన్ల దూరమైతే చదివేవాణ్ని, అంతకు మించితే ఊహించేవాణ్ని.

నా భార్య రుక్మిణి కూడా మిల్లు మనిషే. పాప పుట్టేదాకా నూలు చిలపలు చుట్టే రీలింగ్‌లో ఉండేది. ఇంట్లోనూ మా మాటలు అలాగే సాగేవి. పాప నిద్రపోతున్నప్పుడు, మా అమ్మ పక్కన కూర్చున్నప్పుడు, ఏ కారణమూ లేనప్పుడు కూడా. అందువల్ల నా చెవులు ఎప్పుడు తగ్గడం మొదలుపెట్టాయో నాకూ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు.

పడిశం సంగతి మాత్రం అందరికీ తెలుసు. ఏడాది పొడవునా ముక్కు దిబ్బడగా ఉండేది. వంగితే నుదురూ, కళ్ల కింద బుగ్గ ఎముకలూ రాళ్లు కట్టినట్టు బరువు. దూది నుసి పీల్చే వాళ్లందరికీ ఉండేదే అనుకున్నాను. కొన్నాళ్లకు కుడి చెవి నుంచి చీము కారడం మొదలైంది. తలగడ గలీబు వాసన చూసి రుక్మిణి ముఖం చిట్లించింది. మా అమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసింది. హాయిగా ఉందన్నాను. నిజానికి చుర్రుమంది. అమ్మ ముఖం చూసి అలా అన్నాను.

మా పాప భానుకు అప్పుడు మాటలు వస్తున్నాయి. ఒక సాయంత్రం నేను పెరట్లో స్టూలు మీద కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాను. ఉన్నట్టుండి వెనక నుంచి నా పంచె లాగినట్టయింది. తిరిగి చూస్తే భాను ముఖమంతా కన్నీళ్లు, ముక్కు ఎర్రగా ఉంది. రుక్మిణి గడపలో నిలబడి నన్నే చూస్తోంది. ఎప్పుడూ లేనిది, దగ్గరకు వచ్చి నా ఎడమ చెవి దగ్గర గొంతు తీసి మాట్లాడింది.

"మీ యెనకాల నిలబడి పిల్ల నైనా నైనా అని ఎంతసేపుగా పిలస్తా ఉండాదో తెలుసునా మీకు?"

విన్నానని, కావాలనే ఆట పట్టించానని బుకాయించాను. ఆమె నా వెనక్కి వెళ్లి ఏదో అంది. ముందుకు వచ్చి, నేనేమన్నాను అని అడిగింది. ఊహించి ఏదో చెప్పాను, తప్పంది. నైనా అంటే మా ఇళ్లల్లో నాన్న. అప్పటికి ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదన్న సంగతి ఆ నిమిషంలో అర్థమైంది. పెద్దవాళ్ల పెదవులు చదవగలను. పసిపిల్లల పెదవులు చదవడం ఏ మిల్లులోనూ నేర్పరు. దాని మాటలు నాకు దక్కుతాయా లేదా అన్న భయం ఒక్కటే నన్ను ఆసుపత్రికి నడిపించింది.

పెద్దాసుపత్రిలో ఇ.ఎన్.టి. డాక్టరు తమిళాయన, నడివయసు మనిషి, ఓపికమంతుడు. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని ముక్కులోకీ చెవిలోకీ చూశారు. సైనస్ ఎక్స్‌రే తీయించారు. పుర్రెలో ముక్కుకు అటూ ఇటూ, కళ్ల పైనా గాలి గదులుంటాయట, వాటి పేరు సైనస్‌లు. ఎక్స్‌రేలో నల్లగా కనపడాలి, నావి తెల్లగా ఉన్నాయి. చీముతో నిండిపోయాయన్నారు. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్. మనం గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకుని చెవికి గాలి అందిస్తుంది. ముక్కు పాడైతే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. గాలి అందని చెవిలో కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. మా షెడ్డు కింద తేమగాలి పోయే సొరంగాలుండేవి. నుసి పట్టి అవి మూసుకుపోతే పైన దారాలన్నీ తెగేవి. కనుక డాక్టరు చెప్పింది నాకు వెంటనే బోధపడింది. చెప్పడం పూర్తికాకముందే నేనే ఆయనకు వివరించాను. ఆయన నవ్వారు.

ముందు ముక్కు పని పట్టారు. ముక్కులోంచి బుగ్గ ఎముకలోకి సూది పొడిచి, సెలైన్‌తో సైనస్ కడగడం. వాష్‌అవుట్ అంటారు. ఎముక కరకరమన్న శబ్దం తల లోపలి నుంచి వినపడింది. అలాంటివి కొన్నిసార్లు చేశారు. తల తేలికైంది. చాలా ఏళ్ల తర్వాత సాంబారులో ఇంగువ వాసన తెలిసింది.

తర్వాత ఆడియోగ్రామ్. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను శబ్దం కోసం ఆగలేదు. మిషన్ తిప్పే అమ్మాయి వేళ్లు చూసి నొక్కుతూ పోయాను. చాలా బాగా వస్తోందని మురిసిపోతుండగా, ఆమె లేచి వచ్చి నా కుర్చీని గోడవైపు తిప్పింది. ఆ తర్వాత మీట పెద్దగా నొక్కింది లేదు.

ఫలితం చెప్పే రోజు రుక్మిణి వస్తానంది. వద్దన్నాను. పాపను ఎవరు చూస్తారన్నాను గానీ, ఏదైనా కానిది చెబితే ఆమె ముందు నా ముఖం ఎలా మారుతుందోనని నా భయం. గదిలో ఫ్యాను గరగరలాడుతోంది. డాక్టరు ఏదో రాస్తూ తల ఎత్తి, ముక్కు బాగుపడిందన్నారు. తర్వాత ఒక మాట అన్నారు. నా కళ్లు ఆయన పెదవుల మీదే ఉన్నాయి.

"ఇని కాదు ఆపరేషన్."

ఇని అంటే తమిళంలో ఇక. ఇక ఆపరేషన్ కాదన్న మాట. ఆ తర్వాత ఆయన చేతులు కడుక్కోవడానికి అటు తిరిగారు. ఇంకేవో చెబుతూనే ఉన్నారు. నాకు కావలసింది వినేశాను కనుక దండం పెట్టి లేచి వచ్చేశాను. చీటీలో ఇంగ్లీషులో రాసింది మందులనుకున్నాను. ఇంట్లో సేమ్యా పాయసం చేయించాను. డాక్టరు నా భుజం తట్టి, నీది ఇనుప శరీరం అన్నారని అమ్మకు చెప్పాను. భుజం తట్టలేదు. ఇనుము ఊసూ రాలేదు.

కొన్ని వారాలు గడిచాయి. చెవిలో చీము ఆగలేదు. ఒక పొద్దున కార్డింగ్ మిషన్ పక్కన నిలబడి ఉండగా షెడ్డంతా ఒక్కసారిగా గిర్రున తిరిగింది. పక్కనున్న వాళ్లు పట్టుకోకపోతే ఆ పళ్ల చక్రాల మీదే పడేవాణ్ని. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. లేచి నీళ్లు తాగితే నోటి కుడి మూల నుంచి కారిపోయాయి. భాను నన్ను చూసి చప్పట్లు కొట్టి నవ్వింది. ఆటకోసం మూతి వంకర పెట్టాననుకుంది. రుక్మిణి నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను లాక్కుని ఆసుపత్రికి వచ్చింది.

డాక్టరుకు కోపం వచ్చింది. వచ్చే వారమే అడ్మిట్ కావాలని ఎంత స్పష్టంగా చెప్పానో అని రుక్మిణితో అన్నారు. అసలు వద్దని మీరే అన్నారట కద సార్ అని రుక్మిణి. కాదు ఆపరేషన్ అన్నాను, వద్దని ఎప్పుడన్నాను అని ఆయన. రుక్మిణి ఒక్క క్షణం ఆయన ముఖం చూసింది. తర్వాత నా ముఖం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, పెదవులు కనపడటం లేదు. తర్వాత ఆయనతో తమిళంలో ఒక్క ముక్క చెప్పింది.

"సార్, మా భాషలో కాదు అంటే ఇల్లె."

ఇల్లె అంటే తమిళంలో లేదని. అదే తమిళంలో కాదు అంటే చెవి. డాక్టరు చెప్పింది చెవికి ఆపరేషన్ అని. నేను ఆయన పెదవుల మీద చదివింది తెలుగులో.

తమిళం రాక కాదు. నేను బడిలో చదివింది తమిళమే, వీధిలో గొడవలు పడేది తమిళంలోనే. కానీ పెదవులు చదవడం నేర్చింది తెలుగులో. ఇంకో మాట కూడా ఉంది. ఆ రోజు ఏ భాషలో విన్నా నేను విని ఉండేది అదే మాటేమో.

డాక్టరు కలం కింద పెట్టి, మీ భాషలో దీన్నేమంటారని తన చెవి పట్టుకుని అడిగారు. చెవి అన్నాను. అది మా పాత తమిళంలోనూ ఉందే, సెవి అని, అన్నారు. అప్పటి నుంచి నాతో ఏం చెప్పినా ఫ్యాను ఆపించి, నాకు ఎదురుగా కూర్చుని, తన చెవిని వేలితో తాకి సెవి అనే చెప్పేవారు. నాకు జరిగిన వైద్యంలో ఇది కూడా ఒకటని అనుకుంటాను.

నా కుడి చెవి జబ్బు పేరు కొలెస్టియటోమా. లోపలికి లాక్కుపోయిన కర్ణభేరి సంచిలా మారి, అందులో చచ్చిన చర్మం పొరలు పేరుకుంటూ ఎముకను తినేస్తుంది. వినికిడికి ఉండే మూడు బుల్లి ఎముకలను అప్పటికే తినేసింది. ముఖాన్ని కదిలించే ఫేషియల్ నెర్వ్ చెవి లోపలి నుంచే పోతుంది, దాని మీదికీ వచ్చింది. మాస్టాయిడ్ ఆపరేషన్ చేసి జబ్బును తీసేస్తామన్నారు. కుడి చెవికి వినికిడి తిరిగి రావడం కష్టమన్నారు. "ఎడమ దానిలో నీరు చేరింది అంతే. తీసి చూద్దాం. కానీ హై ఫ్రీక్వెన్సీ కొంత పోయింది, సన్నటి గొంతులు అందకపోవచ్చు" అన్నారు. సన్నటి గొంతు అనగానే నాకు గుర్తొచ్చేది ఒక్కటే.

మత్తు ఇచ్చేదాకా డాక్టరుతో జోకులు వేస్తూనే ఉన్నానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. నిజానికి భయంతో నర్సు చేయి పట్టుకుని వదల్లేదు. అదీ జరిగింది.

లేచేసరికి తల చుట్టూ కట్టు. కుడి చెవి నిండా ప్యాకింగ్. తల తిప్పితే వాంతి. కట్టు మార్చేటప్పుడు తీసే గాజుగుడ్డ పొడుగు చూస్తే ఆ చెవిలో ఒక దుప్పటి పట్టి ఉంటుందనిపించింది. మధ్యలో జ్వరం వచ్చి, పుండు పచ్చిగా మారి, ఇంటికి వెళ్లడం వాయిదా పడింది. చివరికి ఎడమ కర్ణభేరికి చిన్న గాటు పెట్టి జిగురు నీళ్లు లాగేశారు. ఆ గదిలోనే విన్నాను. కిటికీ మీద కాకి. ట్రేలో కత్తెర పెట్టిన చప్పుడు. నర్సు చెప్పులు నేల మీద పడి లేవడం. నాకు పెద్ద ఏడుపు వచ్చింది, సగం ముఖంతోనే ఏడ్చాను. ముఖం ఇంకా కుడిపక్క కదిలేది కాదు.

ఇంటికి వచ్చిన రోజు భాను తలుపు చాటు నుంచి నన్ను చూసింది. తల కట్టు చూసి మొదట బెరుకు పడింది. తర్వాత వచ్చి నా మోకాళ్ల దగ్గర నిలబడి, తల ఎత్తి, ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి. నాకేమీ వినపడలేదు.

మళ్లీ చెప్పింది. వంటింట్లో గరిటె చప్పుడు వినపడుతోంది. వీధిలో సైకిల్ బెల్లు వినపడుతోంది. పిల్ల మాట మాత్రం లేదు. డాక్టరు అన్న సన్నటి గొంతు ఇదేనని తెలిసిపోయింది. లేచి పెరట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాను. రుక్మిణి వెనకే వచ్చింది. అన్నీ వినపడుతున్నాయి, అదొక్కటే వినపడటం లేదని చెప్పాను. ఆమె పాపను పిలిచి, నైనాకు ఏం చెప్పినావో మళ్లీ చెప్పు కన్నూ అంది. భాను నా వైపు తిరిగి పెదవులు బాగా సాగదీసి, శ్రద్ధగా, మళ్లీ చెప్పింది. రుక్మిణి అక్కడే బట్టలుతికే రాయి మీద కూలబడింది.

"అది గొంతే తీయలేదండి. మీతో అట్లనే మాట్లాడల్ల అనుకోని ఉండాది."

మేమిద్దరం మాట్లాడుకోవడం చూసి పెరిగిన పిల్ల. అమ్మతో, అవ్వతో, వీధిలో పిల్లలతో గొంతు పెట్టి మాట్లాడేది. నాతో మాట్లాడాలంటే మాత్రం ఎదురుగా నిలబడి పెదవులు కదపాలి, గొంతు తీయకూడదు. పిలిచీ పిలిచీ విసిగి, అదే పద్ధతి అని తనంతట తనే నేర్చుకుంది.

గొంతు పెట్టి చెప్పు అని రుక్మిణి అంది. భాను ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, తప్పేదో చేయమంటున్నట్టు. నేను కింద కూర్చున్నాను. అది నా ఎడమ చెవిని చేత్తో పట్టుకుని, నోరు ఆనించి, ఊపిరి తగిలేలా చెప్పింది.

"నైనా, నీ మొగం ఏం వంకరగా ఉండాది?"

ఆ గొంతు కాస్త బొంగురుగా ఉంది. నేను ఊహించుకున్నంత సన్నటిది కాదు. అందుకే అందిందేమో. ముఖం సరయ్యేదాకా రోజుకు పదిసార్లు అదే అడిగేది, నేను ప్రతిసారీ వినపడలేదని చెప్పి మళ్లీ అడిగించుకునేవాణ్ని.

ఇప్పుడు మిల్లు లేదు, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టారు. నా ముఖం దాదాపు సరయింది, నవ్వితే మాత్రం కుడి పక్క కొంచెం ఆలస్యంగా వస్తుంది. కుడి చెవికి ఏమీ వినపడదు, అప్పుడప్పుడూ డాక్టరు శుభ్రం చేస్తారు, నీళ్లు పోనివ్వను. ఎడమ దానికి మిషన్ పెట్టుకుంటాను. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆయన చెబుతున్న భాగాన్ని వేలితో తాకి ఇదేనా అని అడుగుతాను. మొన్న మోకాలి డాక్టరు విసుక్కున్నారు.

చదివే వాళ్లకు ఒక్క మాట. మీ ఇంట్లో వినికిడి తగ్గిన మనిషి ఉంటే సైగలు చేయండి, పెదవులు చూపించండి, కానీ గొంతు మానేయకండి. వినపడదులే అని మానేస్తే, వినపడే రోజు వచ్చినా మాట్లాడే అలవాటు ఇంట్లో మిగలదు. మంచి చెవి ఏదో కనుక్కుని, ఆ పక్కన కూర్చుని, మామూలు గొంతుతో చెప్పండి. మొదటిసారి వినపడలేదంటే మళ్లీ చెప్పండి. కొన్నిసార్లు వినపడినా వినపడలేదంటాం. అప్పుడూ చెప్పండి.